ఇనప కుర్చీ మీద రెండు దెబ్బలు

ముందే చెప్పేస్తున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా అమ్మ గుమ్మానికి కట్టిన నిమ్మకాయని తెంపి మజ్జిగలో పిండుకున్న వాణ్ణి నేను. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

మాది నరసరావుపేట. నాన్నకి పురుగుమందుల షాపు ఉంది. నేను చదువు అయ్యీ అవకముందు నుంచి నిన్నమొన్నటి దాకా టెన్నిస్ ఆడాను, అదే వృత్తిగా. ఆ మాట చెప్పగానే జనం నిన్ను టీవీలో చూడలేదే అంటారు. టీవీలో వచ్చే టెన్నిస్ వేరు, మేం ఆడేది వేరు. మాది అడుగు మెట్టు. రాకెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని జనరల్ బోగీలో వెళ్ళాలి. రేపు ఎవడితో ఆడాలో వాడితోనే గది పంచుకోవాలి. మన రాకెట్‌కి స్ట్రింగులు మనమే బిగించుకోవాలి. ఓడిపోతే సాయంత్రానికి సంచి సర్దుకుని ఇంకో ఊరు. చూడ్డానికి వచ్చేవాళ్ళెవరూ ఉండరు. కోర్టు ఊడ్చేవాడు ఒక్కడు ఉంటాడు, వాడు కూడా మీ ఆట ఎప్పుడైపోతుందా అన్నట్టు చూస్తుంటాడు.

పేటలో అయితే మరీ దారుణం. కోర్టుకి వెళ్తున్నానంటే ఏం కేసు అని అడిగేవాళ్ళు.

ఈ పాట్లన్నీ ఒక్క పాయింటు కోసం. టోర్నమెంట్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక్క మ్యాచ్ గెలిస్తే ఆ పాయింటు వస్తుంది, దాంతో ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో అట్టడుగున మన పేరు పడుతుంది. అప్పుడు నువ్వు ఆటగాడివి. అది లేకపోతే ఎన్నేళ్ళు ఆడినా ఆడనట్టే. నిర్వాహకులకి కావలసిన వాళ్ళ పిల్లలకి మెయిన్ డ్రాలో నేరుగా చోటు దొరుకుతుంది. నాలాంటి వాడు ముందు క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి అక్కడికి చేరాలి. నేను ఎన్నిసార్లు ఆడినా ఆ ఆఖరి రౌండ్ దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

నాకు టెన్నిస్ నేర్పింది ఏలియా మాస్టారు. మా స్కూల్లో పీఈటీ. పత్తి మిల్లు ఆవరణలో ఖాళీ జాగా అడిగి తీసుకుని, ఎర్రమట్టి జల్లించి, నీళ్ళు చల్లి, రోలరు లాగి కోర్టు తయారు చేశారు. గీతలు సున్నంతో వేసేవారు. పత్తి సీజన్ వస్తే ఆ జాగా నిండా బోరేలు, పెద్ద పెద్ద గోనె మూటలు, దిగేవి, మా ఆట బందు. బోరేలు వెళ్ళగానే మళ్ళీ మొదటి నుంచి మట్టి జల్లెడ.

ఆయనకి ఒక ఇనప మడత కుర్చీ ఉండేది. చేతిలో విరిగిపోయిన రాకెట్ పిడి. మేం ఆడుతుంటే కోర్టు వెనక ఎడమ మూల కూర్చునేవారు. మా వైపు పడిన బంతిని మేమే చూసి లోపలో బయటో చెప్పాలి. తప్పు చెప్పామా, పిడితో కుర్చీ కాలు మీద రెండు దెబ్బలు కొట్టేవారు. మొదటిది గట్టిగా, రెండోది కాస్త ఆగి, మెల్లగా. అంతే. లోపల పడిందనీ చెప్పరు, బయట పడిందనీ చెప్పరు. మనమే వెనక్కి నడిచి, మట్టిలో బంతి అచ్చు వెతుక్కుని, చూసి, మాట మార్చుకోవాలి.

గుంటూరు నుంచో బెజవాడ నుంచో వేరే పిల్లలు మాతో ఆడడానికి వచ్చినా అదే పద్ధతి. మేం వైపు మారితే ఆయన కూడా కుర్చీ మడిచి మోసుకుని మా వెనక మూలకే వచ్చేవారు. అవతలి వాళ్ళు పచ్చి అబద్ధాలు చెప్పినా ఆ కుర్చీ ఒక్కసారి కూడా మోగేది కాదు. ఓసారి నేను ఏడ్చినంత పని చేస్తే ఒకటే అన్నారు.

"ఒరేయ్ శీనా, లైను నీ వైపుంది. సాక్షివి నువ్వే."

మిగతా పిల్లలు ఆ మాట మర్చిపోయి సుఖంగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నేనే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగాను.

మొన్నటి వానాకాలం మాస్టారు గుండెపోటుతో పోయారు. పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, గుంటలో మట్టి కూడా వేశాను. కాబట్టి ఆయన చనిపోయారన్న విషయంలో నాకే సందేహమూ లేదు.

ఆ తర్వాత నాన్న, నేను ఒక మాట అనుకున్నాం. ఇంకొక్క టోర్నమెంట్. అందులోనూ పాయింటు రాకపోతే షాపులో కూర్చోవాలి. నాన్న తిట్టలేదు, బతిమాలలేదు. ఇంకెన్నాళ్ళురా అని మెల్లగా అడిగారు.

ఆ ఆఖరి టోర్నమెంట్ వేరే రాష్ట్రంలో, మట్టి కోర్టుల మీద. క్వాలిఫైయింగ్ ఆఖరి రౌండ్ వరకు వచ్చాను. ఎదుటి ఆటగాడి పేరు చెప్పను. పెద్ద నగరం వాడు, వెంట సొంత కోచ్. ఆ కోచ్ పక్క కంచెకి, నెట్‌కి సూటిగా ఫోన్ బిగించి మ్యాచ్ మొత్తం వీడియో తీస్తున్నాడు.

క్వాలిఫైయింగ్‌లో అంపైర్ ఉండడని మీకు తెలియకపోవచ్చు. ఎవరి వైపు పడిన బంతికి వాళ్ళే సాక్షి. బయట పడితే వేలెత్తి అవుట్ అనాలి. అనుమానం ఉంటే లోపల పడినట్టే లెక్క. ఒక సూపర్వైజర్ నాలుగైదు కోర్టులకి కలిపి తిరుగుతుంటాడు. పిలిస్తే వచ్చి మట్టిలో అచ్చు చూస్తాడు.

అతను దాన్నే వాడుకున్నాడు. గీత మీద పడిన నా బంతులు మూడింటికి వేలెత్తాడు. అభ్యంతరం చెబితే పక్కన ఎప్పటిదో పాత అచ్చు చూపించి ఇదే అన్నాడు. మట్టి కోర్టు నిండా అచ్చులే. ఏది ఎప్పటిదో సూపర్వైజర్‌కి ఏం తెలుస్తుంది? అవుట్ అన్న మాటే నిలబడింది. పోనీ అనుకున్నాను. పోనీ అనుకోవడం మా మెట్టు మీద ఆడేవాళ్ళకి అలవాటే.

చెరో సెట్టు గెలిచాం. మూడో సెట్టుకి బదులు పది పాయింట్ల టైబ్రేక్. ముందు పది చేరినవాడిదే మ్యాచ్, కానీ రెండు పాయింట్ల తేడా ఉండాలి. తొమ్మిది, ఎనిమిది దగ్గర నేను ముందున్నాను. ఇంకొక్క పాయింటు వస్తే మెయిన్ డ్రా.

అతను బలంగా కొట్టాడు. బంతి నాకు అందకుండా గీత పక్కన పడి వెళ్ళిపోయింది. నా కళ్ళకి బయటే పడింది. ఒట్టేసి చెబుతున్నాను, బయటే కనపడింది. వేలెత్తేశాను. మ్యాచ్ అయిపోయింది.

అప్పుడు నా వెనక ఎడమ మూల నుంచి ఇనుము మీద దెబ్బ. గట్టిగా. కాస్త ఆగి ఇంకొకటి, మెల్లగా.

వెనక్కి తిరిగాను. ఆ మూల తీగతో బిగించి కట్టిన కంచె, ఒక ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ము. మనిషి లేడు, కుర్చీ లేదు. పట్టపగలు, నెత్తి మీద ఎండ, ఆకు కదలడం లేదు. పక్క కోర్టులో ఎవరూ ఆడటం లేదు. నాకు భయం వేయలేదు. చిన్నప్పుడు ఏం చేసేవాణ్ణో అదే చేశాను. కాళ్ళే తీసుకెళ్ళాయి. అచ్చు దగ్గరికి నడిచి వంగి చూశాను. అచ్చు అంచు గీతని తాకి ఉంది. వెంట్రుకవాసి, కానీ తాకింది.

లోపలే అని చెప్పాను. బంతి నాకు అందలేదు కాబట్టి పాయింటు అతనిది. తొమ్మిది, తొమ్మిది. ఇద్దరం వైపులు మారాం.

తర్వాతి పాయింటు అతనే గెలిచాడు. ఆ తర్వాత నేను కొట్టిన బంతి అతని వైపు గీత మీద పడింది. అక్కడివి టేపు గీతలు గానీ, మా సున్నం గీత అయితే పొగ లేచేది. అతను వేలెత్తాడు. సూపర్వైజర్ వస్తే మళ్ళీ పాత అచ్చే చూపించాడు. మ్యాచ్ పోయింది. అంతసేపూ నేను చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఆ రెండు దెబ్బలు వినపడతాయేమోనని. ఏమీ వినపడలేదు.

నా కోపం మీకు అర్థమవుతోందా? దయ్యమో, భ్రమో, ఏదైనా కానివ్వండి. నిజాయితీగా పొరబడ్డ వాణ్ణి పట్టుకుంది, తెలిసి మోసం చేసిన వాణ్ణి వదిలేసింది. బతికున్నప్పుడు ఎలాగూ మాకే బెత్తం. చచ్చిపోయాక కూడా మాకేనా?

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేతులు జోడించింది. మాస్టారు నన్ను పాపం చేయకుండా కాపాడారట. నాకు అన్నం సహించలేదు. నాన్న మాత్రం చానా ఎండ కదా అన్నారు. ఆ మాటే నయమనిపించింది.

మర్నాడు మాస్టారి భార్య కరుణ టీచర్ గారింటికి వెళ్ళాను. ఆమె వరండాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. ఆ ఇనప కుర్చీ గోడకి ఆనించి ఉంది, మీద ఎండు మిరప చాట. నేను కూర్చోలేదు. మీ ఆయన నా మ్యాచ్ పోగొట్టారని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు.

"బంతి లోపల పడిందా, బయట పడిందా?" అన్నారు.

"లోపలే."

"మరింకేంది?"

నా ఒళ్ళు భగ్గుమంది. వాడు నాలుగుసార్లు తొండి చేశాడు, వాడికి ఒక్కసారి కూడా కొట్టలేదేం అని గట్టిగానే అడిగాను. ఆమె ఒక మిరపకాయ తొడిమ తీసి చాటలో వేసి, అప్పుడు నా వైపు చూశారు.

"కొట్టలేదని నీకెవరు చెప్పార్రా?"

పెద్దావిడ, ఏదో అంటోంది అనుకుని వచ్చేశాను. షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను. పత్తికి తెల్లదోమ మందు, మిరపకి తామర పురుగు మందు. అతను మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ గెలిచి పాయింటు తెచ్చుకున్నాడని తెలిసింది. ర్యాంకుల జాబితాలో అతని పేరు ఉంది. నేనే వెతికి చూశాను.

కొన్నాళ్ళకి అతని కోచ్ ఆ మ్యాచ్ వీడియో పూర్తిగా ఇంటర్నెట్‌లో పెట్టాడు, ఓడిపోయే మ్యాచ్‌ని శిష్యుడు ఎలా గెలిచాడో చూడండని. పాత ఆటగాడొకడు నాకు పంపాడు. ఓ మధ్యాహ్నం షాపులో బేరం లేనప్పుడు చూశాను.

నేను వేలెత్తిన చోటికి వచ్చాను. శబ్దం స్పష్టంగా ఉంది. బూట్ల రాపిడి, దూరంగా కాకి. ఇనుము మీద దెబ్బ మాత్రం లేదు. నేను మటుకు ఉలిక్కిపడి వెనక్కి తిరగడం కనిపిస్తోంది. సరే, నా భ్రమే అనుకున్నాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది. ఎండే కారణమన్న నాన్న మాట గెలిచింది.

తర్వాత ఆఖరి పాయింటు వచ్చింది. నా బంతి గీత మీద పడింది. అతను వేలెత్తాడు. ఎత్తి, ఉలిక్కిపడి, తల వెనక్కి తిప్పాడు. ఎడమ మూలకి. ఆ మూల ఆ నీళ్ళ డ్రమ్ము తప్ప ఏమీ లేదు. ఒక క్షణం అటే చూశాడు. చూసి, ముందుకు తిరిగి, ఎత్తిన వేలిని కిందికి దించి పాత అచ్చు చూపించాడు.

వెనక్కి జరిపి మిగతా మూడూ చూశాను. రెండు ఒక వైపు నుంచి చెప్పాడు, ఒకటి ఇంకో వైపు నుంచి. ప్రతిసారీ వేలెత్తగానే తల తిరిగింది. వైపు మారినా తిరిగింది తన వెనక ఎడమ మూలకే. నిజంగా బయట పడిన నా బంతులకి కూడా అతను చాలాసార్లు వేలెత్తాడు. వాటిలో ఒక్కదానికీ తల తిరగలేదు.

సూపర్వైజర్ వస్తున్నాడేమోనని చూశాడనుకుందామా? అతని బల్ల పక్క కంచె అవతల ఉంది, వెనక కాదు. కోచ్ ఫోన్ పక్కనే ఉన్నాడు. నాకు తోచినవన్నీ ఆలోచించాను. ఏదీ అతకలేదు.

అతనికి మెసేజ్ పెట్టాను. తిట్టలేదు. వెనక మూల నీకేం వినపడింది అని మాత్రం అడిగాను. చదివినట్టు గుర్తు పడింది. మర్నాటికి నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇందులో ఏది నిజమో నాకు తెలియదు. దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. ఎవరైనా వివరించి చెబితే కాదనను, వింటాను. నా కోపం కూడా తగ్గలేదు, కాకపోతే అది మాస్టారి మీద లేదిప్పుడు. ఇన్నాళ్ళూ ఆ పెద్దమనిషిని పక్షపాతి అని తిట్టుకున్నాను. ఆయన కుర్చీ మోసుకుని అవతలి వైపుకి కూడా వెళ్ళారు. నాకు ఒక్కసారే కొట్టారు. అతనికి నాలుగుసార్లు కొట్టారు.

నాలుగుసార్లూ అతను విన్నాడు.