పెదనాన్న పెట్టె

ఆ రోజుల్లో ఆడపిల్ల చేతిలో స్క్రూడ్రైవర్ కనిపిస్తే చాలు, చుట్టాలందరికీ ఇళ్లల్లో తుప్పు పట్టిన సామానంతా ఒక్కసారే గుర్తొచ్చేది. నేను బందరులో ఆడవాళ్లకి కుట్టుమిషను నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మిషను మొరాయిస్తే విప్పి, నూనె పోసి, మళ్లీ బిగించడం కూడా పట్టుబడింది. ఇంక చూడండి, పెళ్లికి వెళ్తే విస్తరి ముందు కూర్చోకముందే ఎవరో ఒకరు ఆగిపోయిన గోడగడియారం తెచ్చి నా ఒళ్లో పెట్టేవారు. (బాగైతే ‘పర్వాలేదే’ అనేవారు. కాకపోతే, నేను ముట్టుకునేదాకా అది బ్రహ్మాండంగా నడిచిందనేవారు.) ఇలా నా పేరు మోగిపోతున్న కాలంలో దివిసీమ నుంచి కబురొచ్చింది. పెదనాన్న పాటల పెట్టె విప్పాలట, పనిముట్ల సంచీ తీసుకుని వెంటనే రమ్మన్నారు.

మా పెదనాన్న చర్చి గుళ్లో పాట ఎత్తుకునే మనిషి. ఆదివారం పూట ఆయన గొంతు విప్పితే కాలవ అవతలి గట్టు మీద వాళ్లు కూడా ఆగి వినేవారు. ఇంట్లోనూ అదే గొంతు, కాకపోతే అక్కడ పాటలకన్నా పెద్దమ్మని కేకలెయ్యడానికి ఎక్కువ పనికొచ్చేది. అలాంటి గొంతుని ఒక పొద్దున పక్షవాతం పట్టుకుపోయింది. మాటతోపాటు కుడిచెయ్యీ పోయింది, కనక రాసి చూపించే దారీ లేదు. ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి, ఇంటికి తీసుకెళ్లి ఆయనకి ఇష్టమైనవి పెట్టమన్నారట. ఆ మాటకి అర్థమేమిటో మా ఇళ్లల్లో అందరికీ తెలుసు.

ఆయనకి ఇష్టమైంది తినేది కాదు. పడుకున్నచోటి నుంచి అస్తమానం అటక వైపే చూసేవారు. ఆయన కుర్రతనంలో చదువు చెప్పిన మిషన్ దొరసాని ఒకావిడ తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిన ఫోనోగ్రాఫు ఆ అటక మీదుంది. అందులో తిరిగేది పళ్లెంలాంటి రికార్డు కాదు, మైనపు గొట్టం. దాని మీద మన గొంతు మనమే పట్టుకోవచ్చు. పెళ్లయిన కొత్తలో పెదనాన్న ఒక గొట్టం మీద పాట పాడి, దూది చుట్టి డబ్బాలో దాచుకున్నారు. పోయేలోగా తన గొంతు ఒక్కసారి వినాలని ఆయన కోరిక. ఈ సంగతి పెద్దమ్మే మాకు చెప్పింది. అన్నాళ్లూ ఆయన ముందు నోరెత్తని మనిషి, ఇప్పుడు ఆయన తరఫున ఆవిడే మాట్లాడాల్సి వచ్చింది.

పులిగడ్డ రేవు దాటి నేను వెళ్లేసరికి మా బావ అప్పటికే పెట్టె ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. బావంటే మా మేనత్త కొడుకు, చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెడతాడు. సన్నపనికి అలవాటుపడ్డ చేతులు కనక ఈ లోకంలో తను విప్పలేనిది లేదని అతని నమ్మకం. ఉప్పుగాలికి స్క్రూలన్నీ తుప్పుపట్టి చెక్కలో భాగమైపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టాం. ఇనపకడ్డీ ఎర్రగా కాల్చి తలల మీద ఆనించాం. బావ సుత్తి తీసి రెండు దెబ్బలు వేశాడో లేదో, జబ్బుమనిషున్న ఇంట్లో ఆ చప్పుడేమిటని పెద్దమ్మ సుత్తి లాక్కుపోయింది. ఎలాగో ఒక్కోటీ ఊడొచ్చాయి గానీ స్ప్రింగు డబ్బాని పట్టుకున్న లావుపాటి స్క్రూ ఒకటి మిగిలిపోయింది. అది వస్తేనే డబ్బా బయటికొస్తుంది, లోపల గడ్డకట్టిన జిడ్డు కడిగితేనే పెట్టె తిరుగుతుంది.

పెదనాన్న మంచం మీంచి చూస్తూ ఎడమచెయ్యి ఎత్తి గాల్లో తిప్పారు. (మనవైపు చెయ్యి అలా తిప్పితే ‘ఏంటి?’ అనేగా.) తుప్పు పట్టిందండీ పెదనాన్నా, అని చెప్పాను. ఆయన మళ్లీ తిప్పారు. ఉప్పుగాలి దగ్గర్నుంచి మొదలుపెట్టి బావ ఇంకా వివరంగా చెప్పాడు. ఇంకా గట్టిగా తిప్పారు. ఎంతసేపని అడుగుతున్నారని పెద్దమ్మ అర్థం చెప్పింది. మేమిద్దరం కలిసి ఊపిరి బిగబట్టి స్క్రూ తిప్పాం. ఆయన కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయారు. మనిషికి ఓపిక తగ్గిపోయిందని మేం జాలిపడ్డాం.

ఇంక లాభం లేదని బావ, దారినపోయే బండి అతనితో ఊరి వడ్రంగికి కబురంపాడు, మావయ్య పెట్టె పనుంది, సామాను పట్టుకుని రమ్మని. మా వాళ్లల్లో పెట్టంటే బట్టలు పెట్టుకునేదైనా కావాలి, మట్టిలోకి వెళ్లేదైనా కావాలి. పక్షవాతం మనిషున్న ఇంటి నుంచి వడ్రంగికి కబురొస్తే బట్టల పెట్టని ఎవరనుకుంటారు? ఆ ముసలాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనక పాటల పుస్తకాలతో ఇరుగుపొరుగు. గడప దాటి చూస్తే, పోయాడనుకున్న మనిషి తననే చూస్తున్నాడు. పాపం, వెనక్కి వెళ్లలేక, ముందుకి రాలేక, చేతిలో కొలతాడు నలుపుతూ నిలబడ్డాడు.

“తమరి పొడుగు చూసుకుందామని వచ్చానండి” అన్నాడు పెదనాన్నతోనే.

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు పెదనాన్న నవ్వారు. చప్పుడులేని నవ్వు, సగం మూతితోనే, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వి, ఎడంచేత్తో నన్ను రమ్మన్నారు. పెట్టె మంచం మీద పెట్టించుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకున్న నా చెయ్యి మీద తన చెయ్యి వేసి తిప్పారు. “అటు బిగుసుకుపోతుంది పెదనాన్నా” అన్నాను. ఆయన వినలేదు. నేనూ బలం పెట్టాను. స్క్రూ కిర్రుమని కదిలింది. అది ఎడమ మర, మామూలు స్క్రూకి ఎదురు తిప్పితేనే ఊడొచ్చేది. ఆయన ‘ఏంటి’ అని అడగడంలేదు, ‘ఇటు’ అని చెప్తున్నారు. విప్పుతున్నామనుకుంటూ మేమిద్దరం పొద్దుటినుంచీ దాన్ని బిగిస్తున్నాం.

సాయంత్రానికి స్ప్రింగు కడిగి, గొట్టం ఎక్కించాం. మైనమంతా బూజు తినేసింది. ముందు బుస, తర్వాత గరగర, ఆ గరగరలోంచి బావిలోంచి వచ్చినట్టు ఒక కుర్రగొంతు వినిపించింది.

“ఏమేవ్, కాసేపు నోరు మూసుకో. పాట పట్టుకుంటున్నా.”

ఆ పైన పాట మొదలై, సగం రాగంలోనే బూజులో కలిసిపోయింది. ఎవ్వరం పెద్దమ్మ మొహం చూడలేకపోయాం. పెదనాన్న ఎడమచెయ్యి చాపి ఆవిడ కొంగు పట్టుకున్నారు, చిన్నపిల్లాడు పట్టుకున్నట్టు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టమ్మా అంది నాతో. మళ్లీ పెట్టాను. తిరిగినకొద్దీ మైనం అరిగిపోతుందని బావ చెప్పబోతుంటే కాలు తొక్కాను.

కోతలు మొదలవకముందే ఆయన వెళ్లిపోయారు. కొలతకి వడ్రంగి రాలేదు, ఆ రోజే కంటితో చూసుకుని వెళ్లాడు. మూతకి స్క్రూలు బిగిస్తుంటే పెద్దమ్మ అతని పక్కకెళ్లి నెమ్మదిగా, “మరీ బిగించకయ్యా. తర్వాత రావు” అంది. దించే గుంటలోకి చూడలేక నేను ఆ స్క్రూల వంకే చూస్తూ నిలబడ్డాను. అంత ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత ఆ బావనే చేసుకున్నాను. (విప్పలేనిది లేదన్న మనిషి ఇప్పుడు మందుసీసా మూత కూడా నా చేతికే ఇస్తాడు.) అతనికి చెవుడొచ్చింది, ఏం చెప్పినా నావైపు చెయ్యి తిప్పుతాడు. అప్పుడల్లా నాకు, స్క్రూడ్రైవర్ పట్టుకుని అంత ధీమాగా తప్పువైపు తిప్పిన ఆ బందరు పిల్ల కళ్లముందు మెదులుతుంది, నవ్వొస్తుంది. జవాబు చెప్పకుండా కాసేపు ఆగి ఆ చేతినే చూస్తాను, ఏం చెప్తున్నాడోనని. చాలాసార్లు ‘ఏంటి’ అనే అంటున్నాడు.