దేవుని డబ్బాలోని బియ్యం

వంటకు కొలిచిన బియ్యంలోంచి మా అమ్మ ఒక పిడికెడు వెనక్కి తీసి, పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. అది దేవుని డబ్బా. ఆదివారం ఆ బియ్యాన్ని త్రిపురారంలోని మా చర్చికి మోసుకుపోతే, అక్కడ లేనివాళ్లకు పంచేవారు. ఇంట్లో బియ్యం తక్కువైతే మా కంచాల్లో తగ్గేది గానీ డబ్బాలో తగ్గేది కాదు.

"ఆయనిచ్చిందే ఆయనకిస్తున్నం. మనదేమున్నదిరా గిండ్ల?" అనేది.

నేనేమో కోతలరాయుణ్ణి. కాలువలో నేను పట్టిన చేప నన్ను మిర్యాలగూడ దాకా ఈడ్చుకుపోయిందని, తిరుగు బస్సులో దానికి అర టికెట్టు కొట్టారని చెప్పినా అమ్మ ఊ కొట్టేది.

పోయినేడు అమ్మను మిర్యాలగూడ దవాఖానలో చేర్చాను. ఆమె బెంగ జబ్బు మీద లేదు.

"డబ్బా నిండింది బిడ్డా. ఆదివారం జర చర్చిల ఇచ్చిరా. మరిసేవు."

శనివారం ఇంటికి వచ్చాను. మా బియ్యం నిండుకున్నాయి. దోస్తులిద్దరు కోడిని పట్టుకొచ్చారు. దేవుని డబ్బా మూత తీశాను. తిన్నాక చూస్తే డబ్బా అడుగు మెరుస్తోంది.

మర్నాడు మంచం దగ్గరికి పోగానే అమ్మ అడిగింది. "ఇచ్చినవా?"

"ఇచ్చిన. నడిగూడెం నుంచి కూతురింటికొచ్చిన ఓ ముసలవ్వకు దక్కినయి. సంచి సూసి ఏడ్సిందమ్మా."

"అయ్యో. పండ్లున్నయా ఆమెకు? మెత్తగ వండుకొమ్మనకపోయినవా?"

ఇక రోజూ ముసలవ్వ ముచ్చటే. ఆ అన్నం తిని బలమొచ్చి, సూర్యాపేట బస్సు వెంట ఉరికి దాన్నే దాటిపోయిందన్నాను. అమ్మ దగ్గుతూ నవ్వింది. నేను గంటలకొద్దీ కూర్చున్నాను. తొమ్మిదో రోజు కథలో ముసలవ్వ మిగిలింది, మంచం మీద అమ్మ మిగల్లేదు.

మట్టి చేసి వచ్చాక, చర్చిలో అందరి బియ్యం తీసుకుని పంచే అక్క నా దగ్గరికొచ్చింది. నేనే మొదలుపెట్టాను.

"అక్కా, ఆ ఆదివారం బియ్యం..."

"రాలేదని నాకెర్కే తమ్మీ. మీ అమ్మకు గూడ ఎర్కే. గురువారం ఫోన్ చేసి అడిగింది."

నేను పీట జరిపితే అక్క కూర్చుంది.

"నేను తిడ్తుంటే ఆమెనే ఆపింది. 'వాణ్ని ఏమనకు బిడ్డా. ఎన్నడు నా పక్కన గడియసేపు కూసోనోడు, ఆ ముసలిదాని పేరు మీద పొద్దంత కూసుంటున్నడు. ఆ బియ్యం దేవుడు నాకే ఇచ్చిండనుకుంట' అన్నది."

ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. నా పిడికిలి అమ్మ పిడికిలి కంటే పెద్దది. అయినా ఒక్కడి వంట కదా, డబ్బా తొందరగా నిండదు. ఆదివారం ఉన్నంత తీసుకుపోయి చర్చిలో ఇచ్చి వస్తాను. ఇంటికొచ్చాక, ఇచ్చినవా అని అడిగేవాళ్లు లేరు.