నీళ్ళకింద సినిమా, నాన్న నడుముకి తాడు

నీళ్ళడుగున ఇల్లు కట్టుకుని మనుషులు బతికే సినిమా వచ్చిందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా మేనత్త సత్తెమ్మ. నిన్న పెరట్లో తడిసిన కొబ్బరితాడు వాసన తగలగానే ఆ కబురూ, ఆనాటి భయమూ కలిసే గుర్తొచ్చాయి.

నాన్న ధవళేశ్వరం దగ్గర ఇసుక పడవ మీద పనిచేసేవాడు. వెదురు గెడ పట్టుకుని ఏటి అడుక్కి మునిగి బకెట్టు నింపితే, పైనుంచి అత్త తాడుతో లాగేది. నాకు బడి లేదు. అమ్మ ధాన్యం కొలుస్తూ, ఒకటికి బదులు ‘లాభం’ అంటూ అంకెలు నేర్పింది. నాన్న మునిగినప్పుడల్లా పడవ అంచు పట్టుకుని లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. యాభై దాటితే గోదారమ్మకి దణ్ణం పెట్టుకునేదాన్ని.

అత్త నన్ను రాజమండ్రి తీసికెళ్ళి ఆ డబ్బింగ్ సినిమా చూపించింది. పోస్టరు మీదున్న పెద్ద చేప తెరమీదకి రాలేదని బెంచీల వాళ్ళు ఈలలేశారు, సగంలోనే లేచిపోయారు. నేను మాత్రం కదల్లేదు. సముద్రంలోకి దిగినవాడి నడుముకి తాడు, ఓడ మీద ఆ తాడు పట్టుకున్న ఆడమనిషి, హాలంతా అతని ఊపిరి చప్పుడు. నా భయాన్ని ఎవరో చూసి సినిమా తీసినట్టుంది.

“నువ్వూ తాడు కట్టుకో నాన్నా,” అని ఏడ్చాను.

“తాడు బకెట్టుకి గానీ మనిషికేంటే? ఆ సినిమావోళ్ళని ఒక్క బకెట్టు ఇసక తియ్యమను, చూద్దాం!”

అత్త ఊరుకోలేదు. “బకెట్టు పోతే ఏడుస్తావు గదరా తమ్ముడూ, దానిపాటి చెయ్యవా నువ్వు?”

మా పోరు పడలేక నడుముకో తాడు కట్టుకున్నాడు, రెండో కొస అత్త పట్టుకునేది.

వరదతో ఎర్రనీరు వచ్చిన వారం, నా లెక్క డెబ్బై దాటింది. గెడ వంగి ఉంది, నాన్న లేడు. “అత్తా!” అన్నానో లేదో, ఆవిడ తాడు చేతికి చుట్టుకుని వెనక్కి పడి లాగింది. ఆ నీటికి కొట్టుకొచ్చిన కొమ్మల్లో కాలు ఇరుక్కుందట. ముక్కుల్లోంచి రక్తం కారుతూ నాన్న తేలాడు. పడవెక్కి కూర్చున్నా అత్త తాడు వదల్లేదు. అరచేతుల తోలు లేచిపోయింది.

“వదలవే అక్కా, వచ్చేశాగా,” అన్నాడు నాన్న.

ఆ తర్వాత నాన్న ఇరవయ్యేళ్ళు బతికాడు, దైవం దయ. ఇప్పుడక్కడ మునిగేవాళ్ళు లేరు, యంత్రాలే తోడుతున్నాయి. అత్తా లేదు. ఈమధ్య మా అమ్మాయి ఆ సినిమా ఫోన్లో వెతికిపెట్టింది. కింద ఎవరో ‘చేపే లేదు, దండగ’ అని రాశారు. సినిమా చివర్లో అతను ఓడ ఎక్కాక కూడా ఆ ఆడమనిషి తాడు వదలదు. ఎప్పుడైనా మీరు అక్కడిదాకా చూస్తే, మా సత్తెమ్మ అత్తని ఒక్కసారి తలుచుకోండి.