చెయ్యెత్తిన పెద్దాయన

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ రూంలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి రిటైరయ్యాడట. మెడలో ఈల ఇంకా ఉంది.

"ఫౌల్ చేస్తే, రెఫరీ చూడకున్నా మనమే చెయ్యెత్తాలె. మా పోరగాళ్లకు గదే నేర్పిన."

"గెలిచిన్రా సార్?"

"ఏడ గెలుస్తరు బిడ్డా! గెలిచినోళ్లకు నౌకరీలొచ్చినయి. మావోళ్లు అబిడ్స్ దుకాణాలల్ల బట్టలు మడతబెడుతున్నరు. గ్రౌండ్ల బిల్డింగు లేస్తున్నది."

రైలొచ్చింది. నా వెనకే ఎక్కుతున్న ఆయన ట్రంకుపెట్టె ఒకతని మోకాలికి తగిలింది. "ఎవడ్రా?" అని అతను అరిచాడు. ఎవరూ చూడలేదు. పెద్దాయన చెయ్యెత్తాడు. అతను ఆయన్ని పెట్టెతో సహా కిందికి నెట్టేశాడు.

రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద ఆయన చెయ్యి ఇంకా దించలేదు. కిటికీ దగ్గరున్న చంటిపిల్ల నవ్వుతూ ఆయనకు టాటా చెప్పింది.