ఎండిపోకూడని గొట్టం

అమ్మకు జ్వరం ముదిరి సిరొంచ ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చేసరికి, నేను నాగపూర్‌లో పరిశోధన విద్యార్థిని. మా చేలో పండిన ఉలవలు రుబ్బి, వడకట్టిన నీటిని అప్పుడే ఒక గాజు గొట్టంలో పోసి ఉన్నాను. గొట్టం నిండా జెల్ పూసలు. వాటికి ఒక రకం చక్కెర అంటించి ఉంటుంది. ఉలవల్లోని ఒక ప్రోటీన్ ఆ చక్కెరను పట్టుకుని ఆగిపోతుంది, మిగతావన్నీ ఉప్పునీటితో కడిగితే పోతాయి. మా దగ్గర ఉన్న జెల్ అంతే. ఎండిందా, పగిలి పాడవుతుంది. వెనక చూసుకునేవాళ్లు లేక, నా పరిశోధన చూసే సారును అడిగి గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

చామోర్షి దాటాక గుంతలో పడి బస్సు ఎగిరింది. ఉప్పునీటి సీసా పగిలింది. గొట్టం కింది బిరడా ఊడి చీర తడిసింది. మిగతా దారంతా ఆ బిరడాను వేలితో అదిమి పట్టుకునే వచ్చాను.

ఆసుపత్రిలో అమ్మ చేతికి సెలైన్ ఎక్కుతోంది. అదీ ఉప్పునీరే. గొట్టంలో జెల్ అంచులు ఎండి గాజును వదులుతున్నాయి.

"ఏందే బిడ్డా, గంత పరేషానున్నవ్?" అంది అమ్మ.

చెప్పాను.

"గంతేనా? నాది తీసి దాంట్ల పొయ్యి. నాకు జర నయమే ఉన్నది."

"ఊకో అమ్మా. అది నీకే."

నర్సును ఇంకో సీసా అడిగాను.

"రెండే ఉన్నయమ్మా. పేషెంట్లకే సాలవు, గొట్టానికి ఎట్లియ్యాలె?" అంది. ఆమె మాటలో తప్పు లేదు.

అమ్మ పెదవులు ఎండి ఉన్నాయి. సీసాలో కాస్త మిగలాలని ఒక క్షణం, ఆఖరి చుక్కదాకా ఆమెకే ఎక్కాలని మరుక్షణం అనిపిస్తుంటే, అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి నర్సు వచ్చి సూది తీసింది. "డాక్టర్ సాబ్ సాలన్నడు. అడుగుకున్నది ఇగ పారబోసుడే. తీస్కపో."

చుక్క చుక్కగా పోశాను. జెల్ మెల్లగా ఉబ్బి గాజును తాకింది.

అమ్మ కోలుకున్నాక నాగపూర్ తిరిగొచ్చి, అదే చక్కెరను నీళ్లలో కలిపి గొట్టంలో పోశాను. విడి చక్కెర దొరకగానే ప్రోటీన్ దాన్ని పట్టుకుని, పూసలను వదిలి దిగింది. దానిలోంచి చక్కెరను తొలగించి, నా వేలి రక్తంతో గాజు పలక మీద కలిపాను. నాది, అమ్మది ఒకటే ఎ గ్రూపు. ఈ ప్రోటీన్ ఎ గ్రూపు రక్తకణాలను ఒకదానికొకటి అతికిస్తుంది; అది బతికి ఉంటే ఆ రక్తం చిన్న చిన్న గడ్డలుగా విడిపోవాలి.

పలకను అటూ ఇటూ వంచాను. ఎర్రగా, సమంగానే ఉంది. మళ్లీ వంచాను. ఇసుకరేణువుల్లా గడ్డలు తేలాయి. పలకను అలాగే పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాను.