నాలుగు పువ్వుల పీట

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే మా మేనకోడలు ఫోన్లో ఆరు ఫొటోలు పంపింది. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడే తోటివాళ్ళతో కలిసి బ్యాండు పెట్టుకుని గిటారు వాయిస్తుంది. ఆ చెయ్యి నా దగ్గర పడిందేనని నలుగురిలో చెప్పుకోవడం నాకలవాటు. ఆ పిల్ల మాత్రం వీడియోలు చూసి నేర్చుకున్నానంటుంది. ఫొటోల్లో అన్నీ పెడల్ బోర్డులే. ఒకటి కిటికీ గ్రిల్లు ఊడబెరికి తెచ్చినట్టుంది, ఒకటి సూట్‌కేసులాగుంది, మిగతావి నల్లగా, నున్నగా, ఒకదానికొకటి తేడా తెలీకుండా ఉన్నాయి. కింద ఒక ప్రశ్న: "మామా, వీటిల్లో ఏది తీసుకోను?" నేను లేచి, బీరువా పక్కన గోడకానించి ఉన్న నా బోర్డును తువ్వాలుతో తుడిచి, ఫొటో తీసి పంపినాను. క్షణంలో జవాబొచ్చింది. "మామా, నేనడిగింది పెళ్ళి పీట కాదు." అది చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "పొద్దున్నే ఏందా నవ్వు?" అంది. ఆ నవ్వు వెనక ఉన్న కథలో ఆవిడకీ భాగముంది కాబట్టి చెప్పక తప్పదు.

మాది కోవూరు. ఏడాదిలో ఎక్కువ రోజులు మడికట్ల మీదే ఉంటాను. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను. ఈ కథ జరిగేనాటికే ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్నాను. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడి కాళ్ళ దగ్గర చిన్న చిన్న ఇనప పెట్టెలుంటాయి, మీరు చూసే ఉంటారు. వాటినే పెడల్స్ అంటారు. గిటారు శబ్దం వాటిల్లోంచి పోయి స్పీకరుకు చేరుతుంది. కాలితో ఒకటి నొక్కితే ఆ శబ్దం గరగరలాడుతుంది, ఒకటి నొక్కితే బావిలో అరిచినట్టు తిరిగి తిరిగి వినిపిస్తుంది, ఒకటి వణికిస్తుంది, ఒకటి గట్టిగా లేపుతుంది. నాకు నాలుగున్నాయి. ఈ పెట్టెలన్నిటినీ కదలకుండా ఒకచోట బిగించుకునే పలకే పెడల్ బోర్డు. అది అప్పట్లో నాకు లేదు. మా ఆవిడ మార్కెట్టుకు తీసుకుపోయే వైరు బుట్టలో ఆ నాలుగు పెట్టెల్నీ, వాటి నాలుగు అడాప్టర్లనీ, తొమ్మిది వైర్లనీ కుక్కి తీసుకుపోయేవాణ్ణి. స్టేజీ ఎక్కి, చాప మీద పరిచి, ఒక్కోటి కలుపుకునేసరికి డోలక్ వాయించేవాడు రెండు టీలు తాగేవాడు.

ఇరవై రెండేళ్ళు అట్టాగే గడిచిపోయినాయి. చివరికి మా కోవూరులోనే ఒక పెళ్ళిలో, మా అత్తగారి తరపు చుట్టాలందరి ముందే, నా పరువు చాప మీద జారింది. పెళ్ళికూతురు హాల్లోకి నడిచొస్తోంది. నేను పెడల్ మీద కాలేసినాను. చాప జారింది, వైరు ఊడింది, స్పీకర్లు ఒకసారి గుర్రుమని ఆగిపోయినాయి. పాట మొత్తం గిటారు మీదే ఉంది మరి. పెళ్ళికూతురు నడవాలో వద్దో తెలీక దారి మధ్యలో నిలబడిపోయింది. వీడియో తీసేవాడు కెమెరా దించినాడు. నేను నాలుగు కాళ్ళ మీద వంగి, పెళ్ళికొచ్చినవాళ్ళకు నా వెనకభాగం చూపిస్తూ, వైర్లు వెతుక్కుంటున్నాను. కరెంటు పోయిందా అని ఎవరో అడిగితే, మా బావమరిది గట్టిగా, "లేదు, మా బావే పోయినాడు," అన్నాడు. ఆ మాటకొచ్చిన నవ్వు ఆ రోజు మేం వాయించిన ఏ పాటకీ రాలేదు.

మా ట్రూపు నడిపేవాడు కీబోర్డు వాయిస్తాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, సంగీతంలో మొదటి అక్షరాలు మా ఇంటి అరుగు మీద దిద్దినవాడే. మర్నాడు టీ కొట్టు దగ్గర నా ముఖం చూడకుండా చెప్పినాడు. "అన్నా, ఏమనుకోబాక. వచ్చే శుక్రవారం మనుబోలులో పెళ్ళుంది. అక్కడ గూడా నీ వల్ల పాట ఆగితే, ఇంక గిటారు నేనే కీబోర్డులో వాయించేస్తా. దాంట్లో అన్ని రకాల గిటార్లూ ఉండాయి." కీబోర్డులో గిటారంట. రబ్బరు అరటిపండు చూపించి తినమన్నట్టుంటుంది దాని శబ్దం. అయినా తప్పు నాది. ఇరవై రెండేళ్ళ నా చోటు ఒక్క శుక్రవారం మీద నిలబడింది. భయమేసింది, దాచుకోను.

మర్నాడే పెడల్ బోర్డు కొనేదానికి చెన్నైకి రైలెక్కినాను. షాపులో కుర్రాయన పన్నెండు పెడల్స్ పట్టే బోర్డు తెచ్చి ముందు పెట్టినాడు. ఇంట్లో నాలుగు ఇడ్లీలు వేసుకునేవాడికి ఫంక్షన్ హాలు ఇడ్లీ పాత్ర ఎందుకు? చిన్నది చూపించమన్నాను. చిన్నది బల్లపరుపుగా ఉంది. ముందు వరసను తొక్కకుండా వెనక వరసను తొక్కలేం, పైగా అడాప్టరు దాచుకునేదానికి కింద సందు లేదు. నాకు కావాల్సినట్టు వాలుగా, కింద ఖాళీతో ఉన్నది తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందన్నాడు. నాకున్నది వారం. ఉత్త చేతుల్తో ఇల్లు చేరి, మర్నాడు మధ్యాహ్నమంతా ఇంట్లో దొరికిన ప్రతి పలక మీదా పెడల్స్ పెట్టి చూసినాను. పరీక్ష అట్ట వంగింది. చపాతీ పీట మీద రెండే పట్టినాయి. అది చూసి మా ఆవిడ చపాతీ పీట లాక్కుని, "ఏంది నీ రాద్ధాంతం? అవి కూర్చునేదానికి ఒక పీట కావాల, అంతేగదా. నెల్లూరు పోయి మేస్త్రీకి చెప్పు, చేసిపెడతాడు," అంది. మూడు రోజులుగా నాకు తట్టని మాట ఆవిడ పిండి కలుపుతూ అనేసింది. సంతోషించాలో ఉడుక్కోవాలో తెలీలేదు.

మేస్త్రీ అంటే పెన్నకు అవతల, నెల్లూరులో కొయ్యపని చేసే సాయిబుగారు. మా ఇంటి తలుపులు మా నాయన కాలంలో ఆయన చేసినవే. అప్పటికే అరవై దాటినాయి, చెవులు మాత్రం చిత్రిక పట్టే మిషను హోరుకి ఎప్పుడో మొద్దుబారిపోయినాయి. నేను పోయేసరికి ఆ మిషను ఆడుతోంది. కొలతలు రాసిన కాగితం చేతిలో పెట్టి, "మేస్త్రీ, పెడల్ పీట కావాల," అని అరిచినాను. అర్థమైందన్నట్టు తలూపినాడు. తర్వాత, "ఎంతమంది కూర్చుంటారు?" అన్నాడు. పెట్టెల్ని మనుషుల్లెక్కన అడుగుతున్నాడు, సరదా మనిషి అనుకుని నేనూ సరదాగా, "నలుగురు," అన్నాను.

"నలుగురా? ఒకే పీట మీదా?"

"ఒకే పీట మీదే. ముందు ముందు ఇంకోటి చేరొచ్చు. ఇప్పటికి నలుగురు చాలు."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసినాడు. కాగితం చూసినాడు. ఎప్పటికి కావాలన్నాడు. శుక్రవారం మనుబోలులో పెళ్ళి, గురువారం పొద్దునకల్లా కావాలన్నాను. "సరే నాయనా. అల్లా దయవల్ల నలుగురూ చల్లగా ఉంటారు," అని చెయ్యెత్తి దీవించినాడు. ఇనప పెట్టెలక్కూడా దీవెనలిచ్చే మనిషి ఎంత మంచివాడో అనుకుంటూ బ్రిడ్జి దాటి ఇంటికొచ్చేసినాను.

గురువారం పొద్దున బుట్టతో సహా పోతే, మేస్త్రీ గోనెసంచి తీసి చూపించినాడు. టేకు పీట. అంచు చుట్టూ పసుపు, ఎరుపు గీతలు. బొంగరాల్లాంటి నాలుగు పొట్టి కాళ్ళు. పైన వరసగా చెక్కిన నాలుగు తామరపువ్వులు, ఒక్కో రేకూ విడివిడిగా. గుడ్లప్పగించి చూసి, ఇదేందన్నాను. "పెళ్ళి పీట. నలుగురికీ తలా ఒక పువ్వు," అన్నాడు, గర్వంగా. మిషను ఆగి ఉండబట్టి ఆ మాట స్పష్టంగా వినబడింది, ఆ రోజు హోరులో ఆయనకేం వినబడిందో అప్పుడర్థమైంది. బుట్టలోంచి పెడల్స్ తీసి ఒక్కోటీ నేల మీద పెట్టినాను. ఆయన నాలుగు పెట్టెల్నీ చూసినాడు, నాలుగు పువ్వుల్నీ చూసినాడు. "నలుగురంటే వీళ్ళా?" అన్నాడు. ఇంక నవ్వు మొదలుపెట్టినాడు చూడండి, భుజం మీది కండువాతో కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగి మరీ నవ్వినాడు. కొలత చూసి, నలుగురు పసిపిల్లలేమో, మీ వాళ్ళల్లో ఏదో మొక్కుబడేమో అనుకున్నాడంట.

నాకు నవ్వు రాలేదు. ఒక దుంగ మీద కూలబడి మొత్తం చెప్పినాను, కోవూరు సంగతి, కీబోర్డువాడి మాట, రేపటి పెళ్ళి. ఆయనకు వినబడేదానికి అరిచి చెప్పాలి కాబట్టి, రోడ్డు మీద పోయేవాళ్ళకు గూడా నా కష్టం తెలిసిపోయింది. అంతా విని మేస్త్రీ, "అయితే ఇది పీట సంగతి కాదు, నీ చోటు సంగతి," అన్నాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. పెడల్ మీద కాలు ఎట్టా పెడతానో చూపించమన్నాడు. చూసి, "వాలు లేకుంటే ఎట్టా? బళ్ళో రాసుకునే బల్లకి వాలు ఎందుకు పెడతాం?" అని పీట తిరగేసి, ముందు కాళ్ళు రెండూ రంపంతో సగానికి కోసేసినాడు. కాళ్ళ కింద సైకిలు ట్యూబు ముక్కలు కొట్టినాడు, జారకుండా. వైర్లు కిందికి పోవాలంటే బెజ్జాలు కావాలి కదా, డ్రిల్లు తెచ్చి సరిగ్గా మొదటి పువ్వు నడిబొడ్డున ఆనించినాడు. అంత అందమైన పువ్వు, నేను చెయ్యి అడ్డం పెట్టినాను. "చెక్కింది నేనే, బెజ్జం పెట్టేదీ నేనే. తియ్యి చెయ్యి," అన్నాడు. పిల్లల బూట్లకుండే, లాగితే చర్రుమని ఊడే పట్టీ తెచ్చి పెడల్స్‌కి నేను అంటించినాను. అడాప్టర్లన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి గుచ్చితే పీట కింద దాక్కున్నాయి. మధ్యాహ్నానికి మొత్తం పీటకి ఒకే ఒక్క ప్లగ్గు మిగిలింది. ఆయన చెప్పు విడిచి బొటనవేలుతో మొదటి పెడల్ నొక్కినాడు. ఎర్ర దీపం వెలిగింది. మిగతా మూడూ నొక్కి, నాలుగు దీపాలూ వెలిగినాక గానీ కాలు తియ్యలేదు.

శుక్రవారం పొద్దున మనుబోలు హాల్లో పీట దించి, ప్లగ్గు పెట్టి, చేతులు దులుపుకున్నాను. డోలక్ అతను మొదటి టీ చేతిలోకి తీసుకోకముందే నా పని అయిపోయింది. అంతలో పెళ్ళికొడుకు వాళ్ళ అవ్వ, స్టేజీ మీద పువ్వుల పీటా దాని మీద నాలుగు పెట్టెలూ చూసి, మెల్లగా మెట్లెక్కి వచ్చి, "ఏ స్వామి నాయనా?" అంది. నేను నోరు తెరిచేలోపల నాలుగింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అక్షింతలు చల్లి దణ్ణం పెట్టుకుంది. మూడో పెడల్ స్విచ్చు సందులో ఒక బియ్యపు గింజ ఇరుక్కుంది. పిన్నీసుతో దాన్ని తీసేసరికి నాకు చెమట పట్టింది. కీబోర్డువాడు నన్ను చూసి, గడియారం చూసుకున్నాడు.

పెళ్ళికూతురు నడిచొచ్చే పాట మొదలైంది. ఆమె సగం దూరం వచ్చిందో లేదో, కరెంటు పోయింది. వెంటనే జనరేటరు అందుకుంది, లైట్లు వెలిగినాయి, మైకులు బతికినాయి, నా నాలుగు దీపాలూ బొట్లతో సహా వెలిగినాయి. కీబోర్డు మాత్రం నిద్రలేచి, తెర మీద కంపెనీ పేరు చూపించి, ఒక గీత మెల్లగా గీసుకుంటూ కూర్చుంది. అది పూర్తిగా లేవాలంటే నిమిషం పైన పడుతుంది. వాడి ముఖం తెల్లబోయింది. హాలంతా నిశ్శబ్దం. పెళ్ళికూతురు అడుగు తడబడింది. కోవూరులో ఆగిపోయిన పిల్ల నా కళ్ళ ముందు మెదిలింది. రెండో పెడల్ తొక్కినాను, నాలుగోది తొక్కినాను, పాట ఎక్కడ తెగిందో అక్కడే పట్టుకున్నాను. పీట వెంట్రుకవాసి కదల్లేదు. నేను వాయించిన ప్రతి ముక్కా తిరిగి వచ్చి దాని తర్వాతి ముక్కతో కలుస్తుంటే, నలుగురు వాయిస్తున్నట్టుంది. డోలక్ అందుకుంది. పెళ్ళికూతురు తలెత్తి, నవ్వి, నడిచి, మండపం మెట్లెక్కేసింది. కీబోర్డు అప్పటికి పూర్తిగా లేచింది.

చప్పట్లు కొడుతున్నారు. తల తిప్పితే స్టేజీ పక్కన మేస్త్రీ. కోసిన కాళ్ళు బరువు ఆపుతాయో లేదోనని, చెప్పకుండా బస్సెక్కి వచ్చినాడంట. ఆయన చప్పట్లు కొట్టడం లేదు. స్టేజీ అంచుమీదుగా చెయ్యి చాపి, అరచెయ్యి పీటకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనకు పాట అట్టా వినబడిందన్నమాట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

సామాన్లు సర్దుకుంటుంటే కీబోర్డువాడు దగ్గరకొచ్చినాడు. "అన్నా, ఇంక గిటారు జోలికి నేను రాను. ఆ పీట ఎవరు చేసినారో చెప్పు, నాకూ ఒకటి కావాల." నన్ను అట్టే పెట్టుకుంటానంటే, ఆలోచించి చెప్తానన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పగా చెప్తే, "ఎంతసేపు ఆలోచించినావు?" అంది. పెన్న బ్రిడ్జి దాటేదాకా అన్నాను. నిజానికి అంతసేపు గూడా కాదు.

మేనకోడలు కథంతా విని, ఆ ఆరు ఫొటోలూ పక్కన పెట్టి, నిన్న బస్సు దిగింది. ఇద్దరం మేస్త్రీ దగ్గరకు పోయినాం. మనిషి వంగిపోయినాడు, మిషను కొడుకు నడుపుతున్నాడు, ఉలి మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు చెవిలో మిషనొకటి పెట్టించుకున్నాడు. పిల్లను చూసి, నా వైపు ఒక చూపు విసిరి, "ఎంతమంది కూర్చుంటారు?" అన్నాడు. "ఆరుగురు తాతా," అంది పిల్ల. ఆయన కాగితం మీద పువ్వులు గీసుకుంటూ, "ఏడు చెక్కతాలే. ముందు ముందు ఇంకోటి చేరొచ్చు," అన్నాడు. నేను ఎప్పుడో సరదాకన్న మాట, ఆయనింకా దాచిపెట్టుకున్నాడు. ఆ వయసులో మనిషి 'ముందు ముందు' అని అంత ధీమాగా అంటుంటే, ఇన్నేళ్ళ కాలం మా దగ్గర్నుంచి ఏమీ పట్టుకుపోలేదనిపించింది.