దారంతో కొలిచిన దారి

పొద్దున్నే ముఖం కడుక్కోగానే టేపు మెడలో వేసుకోవడం టైలరుకు అలవాటు. కొట్టు తెరిచేది పదింటికే అయినా, కాఫీ మాత్రం టేపుతోనే తాగుతాడు. ఎవరితో మాట్లాడినా వాళ్ల కళ్లకేసి కాదు, భుజాలకేసి చూస్తాడు. పెళ్లిబట్టలు అడ్డుపడి, కొండల మీది నేషనల్ పార్కు ప్రయాణం రెండేళ్లు వాయిదా పడింది. ఈసారీ తప్పితే ఇంట్లో తన మాట ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. అందుకే నిన్నగాక మొన్న భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, ఊరి నుంచి పార్కు గేటు దాకా టేపు బిగించి పట్టి, "తొమ్మిదంగుళాలు! మంగళవారం పొద్దున బయల్దేరితే రెండింటికల్లా గేటు దగ్గరుంటాం," అని తేల్చేశాడు. ఆ గేటు నాలుగింటికి మూసేస్తారు.

"కొండదారి నాన్నా అది, నీ టేపులా నిటారుగా పోతుందా?" అంది కూతురు. "చంక కొలత కూడా ఇలాగే తీస్తారా ఏం?" అని వంటింట్లోంచి భార్య చురక అంటించింది. టైలరు ఎర్రదారం తెచ్చి, నాలుక చివర పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కో మలుపు వెంటా ఓపిగ్గా తిప్పాడు. దారాన్ని టేపు మీద పెడితే పదిహేడంగుళాలు తేలింది. "చీకటి పడ్డాక గానీ చేరం. ముందురోజే కదలాలి," అన్నాడు నెమ్మదిగా. అంటే కొట్టు ఇంకో రోజు మూయాలి.

"అయితే మళ్లీ వచ్చే ఏడాదేగా?" అంది కూతురు.

ఆయన దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికాడు. "సోమవారమే పోదాం. నాలుగు రోజులు ఆలస్యమైతే ఎవడూ బట్టల్లేకుండా తిరగడులే."

ఇవాళ సోమవారం. కొట్టుకు తాళం వేసి ఉంది.